యునైటెడ్ మ్యాచ్ కోసం సిరిపురం కెఫేలో ఒక ఆదివారం రాత్రి

ముందే చెప్పేస్తున్నా, తిండి కోసమే వెళ్ళాలంటే సిరిపురం చుట్టుపక్కల ఇంతకన్నా మంచివి బోలెడున్నాయి, హాయిగా వాటికే వెళ్ళండి. కానీ రాత్రి 10 గంటలకి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలి, సౌండ్ పెట్టుకుని చూడాలి, గోల్ పడితే గొంతు చించుకుని అరవాలి, అరిస్తే ఎవరూ వచ్చి ఏటి బాబూ ఈ గోల అని అడక్కూడదు అనుకునేవాళ్ళకి మాత్రం వైజాగ్‌లో ఇలాంటి చోటు ఒకటి ఉందని తెలియాలి. నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కూడా దాచకుండా రాస్తా, కొంచెం పొడుగైనా చదవండి.

మొన్న ఆదివారం అంటే 2024 నవంబర్ 24న మాంచెస్టర్ యునైటెడ్ కొత్త మేనేజర్ రూబెన్ అమోరిమ్‌కి మొదటి మ్యాచ్. ఇప్స్‌విచ్ టౌన్‌తో, వాళ్ళ ఊళ్ళోనే, పోర్ట్‌మన్ రోడ్ గ్రౌండ్‌లో. మా టీమ్ పరిస్థితి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, అక్టోబర్ 27న వెస్ట్ హామ్ చేతిలో 2-1 తో ఓడిపోయారు, మర్నాడే మేనేజర్ టెన్ హాగ్‌ని తీసేశారు, అప్పటికి 20 టీముల్లో మాది 14వ ప్లేసు. మధ్యలో నాలుగు మ్యాచులు మా పాత స్ట్రైకర్ వాన్ నిస్టెల్‌రాయ్ నడిపించాడు, మూడు గెలిచి ఒకటి డ్రా చేశాడు, అయినా లీగ్‌లో 11 మ్యాచులకి 15 పాయింట్లే మిగిలాయి. 2013లో మా పాత మేనేజర్ ఫెర్గూసన్ వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ లీగ్ టైటిల్ అన్న మాటే లేదు. అలాంటి టైంలో పోర్చుగల్ నుంచి 39 ఏళ్ళ మనిషిని తెచ్చారు, స్పోర్టింగ్ క్లబ్‌కి 19 ఏళ్ళ తర్వాత లీగ్ గెలిపించినవాడు, వచ్చే ముందు అదే నవంబర్ 5న మాంచెస్టర్ సిటీని 4-1 తో కొట్టి మరీ వచ్చాడు. ఆశ పుట్టదా మరి? పుట్టింది. ఆ మ్యాచ్ ఒక్కణ్ణే కూర్చుని ఫోన్‌లో చూడబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే నేను సౌండ్ సౌండ్ అని ఎందుకు కొట్టుకుంటున్నానో అర్థం కాదు. నేను యునైటెడ్ మ్యాచులు సరిగ్గా చూడ్డం మొదలెట్టింది 2008లో. మే నెలలో మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, చెల్సీతో, మనకి అర్ధరాత్రి మొదలై తెల్లవారుజామున మూడింటి దాకా సాగింది. నాన్నకి స్టీల్ ప్లాంట్‌లో ఎ షిఫ్ట్, ఐదు గంటలకి లేవాలి, కాబట్టి టీవీ మ్యూట్‌లో పెట్టి చూశా. పెనాల్టీల్లో టెర్రీ కాలు జారినప్పుడూ, ఆఖర్న అనెల్కా కొట్టింది వాన్ డెర్ సార్ ఆపినప్పుడూ నేను దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, చప్పుడు బయటికి రాకుండా. ఆ తర్వాత హాస్టల్లో వార్డెన్ భయం, తర్వాత షేరింగ్ రూమ్, ఇప్పుడు ఇంట్లో రెండేళ్ళ పాప నిద్ర. లెక్కేసుకుంటే 16 ఏళ్ళలో నేను గోల్‌కి నోరారా అరిచింది ఎన్నిసార్లో వేళ్ళ మీద చెప్పొచ్చు. కామెంటరీ వింటూ, గ్రౌండ్‌లో జనం పాట వింటూ చూడ్డం వేరు. ఉప్పు వేసిన కూరకీ వెయ్యని కూరకీ ఉన్నంత తేడా.

సరే కెఫే విషయానికొద్దాం. నేనూ మా ఫ్రెండూ కూర్మన్నపాలెం నుంచి బండి మీద బయల్దేరాం, ఇరవై కిలోమీటర్ల పైనే, 9:20 కల్లా చేరాం. పార్కింగ్ దారుణం, అది మాత్రం గట్టిగా రాయాలి, ఆ సందులో పది బండ్లు పడితే గొప్ప, కారు తెచ్చుకుంటే మెయిన్ రోడ్డు మీద ఎక్కడో పెట్టుకుని నడిచి రావాల్సిందే. వాచ్‌మన్ మంచోడు, హెల్మెట్లు తన గదిలో పెట్టుకుంటానన్నాడు.

లోపలికి వెళ్తే మూడు స్క్రీన్లు, మూడింట్లోనూ ఐపీఎల్ వేలం. తప్పు లేదు, ఆ రోజు ఊరంతా క్రికెట్ పండగలో ఉంది. పొద్దున పెర్త్ టెస్టులో జైస్వాల్ 161, కోహ్లీ సెంచరీ, చివర్లో మన గాజువాక కుర్రాడు నితీష్ 27 బంతుల్లో 38 నాటౌట్, సాయంత్రానికి ఆస్ట్రేలియా 12 పరుగులకి 3 వికెట్లు. ఆ కుర్రాడు మా పక్క ఏరియా వాడే కాబట్టి నాకూ ఆ రోజంతా గాల్లో తేలినట్టే ఉంది. మధ్యాహ్నం నుంచి జెడ్డాలో వేలం, పంత్ 27 కోట్లు, మన హైదరాబాద్ ఇషాన్ కిషన్‌ని 11.25 కోట్లకి కొంది, ప్రతి టేబుల్ మీదా అదే చర్చ. ఇప్పుడు వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, అయ్యా ఒక ఇంగ్లీషు ఫుట్‌బాల్ మ్యాచ్ వెయ్యండి, 13వ ప్లేసులో ఉన్న టీమ్ అని అడగాలంటే మొహమాటమేసింది.

కానీ అడిగాం. ఫ్లోర్ చూసుకునే ఆయన, నలభై ఏళ్ళుంటాయి, విసుక్కోలేదు. ఎంతమంది ఉన్నారండీ అన్నాడు. మేం ఇద్దరం, అప్పటికే ఒక మూల నేవీలో పనిచేసే మలయాళీ అన్న ఒకాయన పాత యునైటెడ్ జెర్సీలో కూర్చున్నాడు, ఆంధ్రా యూనివర్సిటీలో (ఏయూ) పీజీ చేస్తున్న కుర్రాళ్ళు ముగ్గురు, ఇంకో టేబుల్ దగ్గర ఒకాయనా, ఆయన కూతురు, పదేళ్ళ పిల్ల, వెనక 10 నంబరున్న ఎర్ర జెర్సీ. మొత్తం ఎనిమిది మంది. ఆయన లెక్కపెట్టుకుని, లోపల బర్త్‌డే పార్టీలకి ఇచ్చే రూమ్ ఉంది, అందులో ప్రొజెక్టర్ ఉంది, తలకి ₹250 కట్టండి, అదంతా తిండి బిల్లులో తగ్గిస్తాం, తలుపేసుకుని ఎంత సౌండైనా పెట్టుకోండి అన్నాడు. ఎనిమిది మంది కోసం. బయట క్రికెట్ జనంతో హాలు నిండిపోయి ఉంటే మమ్మల్ని పొమ్మన్నా ఆయనకి పోయేదేం లేదు, అయినా అలా ఆలోచించాడు చూడండి, మొదటి స్టార్ అక్కడే.

ఇక్కడ నుంచి కథ తిరగబడింది. 9:55కి ప్రొజెక్టర్ ఆన్ చేశారు, యాప్ తెరిస్తే లాగిన్ పోయింది. ఓటీపీ ఓనర్ గారి ఫోన్‌కి వెళ్తుంది. ఓనర్ గారు భీమిలి వైపు ఏదో పెళ్ళిలో ఉన్నారు, కార్తీక మాసం ముహూర్తాలు కదా, ఆ బ్యాండ్ మోతలో ఫోన్ ఎత్తట్లేదు. 9:58, 10:00, 10:02. మేం కుర్చీల అంచున కూర్చున్నాం. మా ఫ్రెండ్ అయితే లేచి పదరా పోదాం, బీచ్‌లో కూర్చుని ఫోన్‌లో చూసుకుందాం అన్నాడు. నాకు కూడా కోపం వచ్చింది, మ్యాచ్ వేస్తామని డబ్బులు తీసుకున్నాక లాగిన్ ఉందో లేదో గంట ముందు చూసుకోవద్దా? ఐదో స్టార్ పోయింది ఇక్కడే. దీనికి సాకు లేదు.

ఆ గ్యాప్‌లో మలయాళీ అన్నే మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆయన తెలుగు బాగా మాట్లాడతాడు, మన ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడట. తమ్ముడూ, మొదటి మ్యాచ్ చూసి కొత్త మేనేజర్ గురించి ఏమీ తేల్చకూడదు, నా దగ్గర లెక్కుంది అని మొదలెట్టాడు. ఫెర్గూసన్ తర్వాత వచ్చిన మోయెస్ మొదటి లీగ్ మ్యాచ్ స్వాన్సీ మీద 4-1 తో గెలిచాడు, సీజన్ అవ్వకముందే పంపేశారు, ఏడో ప్లేసు. వాన్ హాల్ అదే స్వాన్సీ చేతిలో మన గ్రౌండ్‌లోనే 2-1 తో ఓడాడు, చివరికి నాలుగో ప్లేసు తెచ్చాడు. మౌరీన్యో బోర్న్‌మత్ మీద 3-1. సోల్‌షార్ కార్డిఫ్ మీద 5-1, లీగ్‌లో మనవాళ్ళు ఐదు కొట్టడం ఫెర్గూసన్ ఆఖరి మ్యాచ్ 5-5 తర్వాత అదే. రాంగ్నిక్ ప్యాలెస్ మీద 1-0, ఆ తర్వాత ఎలా పోయిందో తెలుసుగా. టెన్ హాగ్ బ్రైటన్ చేతిలో 2-1, మరుసటి వారం బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 4-0, అయినా ఆయనే రెండు కప్పులు తెచ్చాడు. ఇదంతా ఆయన వేళ్ళు మడుస్తూ చెప్తుంటే ఏయూ కుర్రాళ్ళు కూడా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. అప్పటిదాకా నాలుగు టేబుళ్ళ వాళ్ళం, అక్కడితో ఒకే టేబుల్ అయిపోయాం.

10:06కి ఓటీపీ వచ్చింది. స్క్రీన్ వెలిగింది. ఇక్కడ మాకు వెయిటర్‌గా ఉన్న కుర్రాడు, శ్రీకాకుళం వైపు వాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, రిమోట్ పట్టుకుని చేసిన పని నేను మర్చిపోను. మ్యాచ్ కనపడకముందే స్క్రీన్‌కి తన వీపు అడ్డం పెట్టేసి, ఎవరూ చూడకండన్నా, ఎంతయిందో కూడా చూడకండి, మొదట్నుంచి వేస్తాను అన్నాడు. వెనక్కి లాగి లాగి, స్కోరు ఉండే మూల చేత్తో మూసి, సరిగ్గా బంతి మధ్యలో పెట్టి విజిల్ ఊదే చోట ఆపాడు. అప్పుడు పక్కకి జరిగి, టిష్యూలు పెట్టే వెదురు బుట్ట ఖాళీ చేసి మా ముందు పెట్టి, ఫోన్లు ఇందులో వెయ్యండి, లేకపోతే ఎవరో ఒకళ్ళు మెసేజ్ పెట్టేస్తారు అన్నాడు. నిజమే కదా, మేం ఆరు నిమిషాలు వెనక ఉన్నాం, గ్రూపుల్లో గోల్ పడగానే వంద మెసేజ్‌లు. అందరం ఫోన్లు సైలెంట్‌లో పెట్టి బోర్లా పడేశాం. మలయాళీ అన్నది డ్యూటీ ఫోన్ కాబట్టి జేబులో ఉంచుకున్నాడు, ప్రామిస్ చేశాకే ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు.

అప్పుడు చూశాను ఆ పిల్లని. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని కూర్చుంది, ఒకదాని మీద ఒకటి, గట్టిగా. కళ్ళు ఇంతింత చేసుకుని. వాళ్ళ నాన్న ఏమైందమ్మా అంటే తల అడ్డంగా ఊపింది తప్ప చేతులు తియ్యలేదు. నాకు వెంటనే వెలగలేదు.

మ్యాచ్ మొదలైంది. ఒక నిమిషం అయ్యిందో లేదో కుడివైపు మా అమాద్‌కి బంతి దొరికింది, ఇప్స్‌విచ్ మిడ్‌ఫీల్డ్‌ని దాటుకుంటూ ఆ లైన్ పట్టుకుని పరుగు, మేమింకా సోడాలు అందుకుంటున్నాం, ఆ పిల్ల మాత్రం అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది, అమాద్ కిందుగా బాక్స్‌లోకి తోశాడు, రాష్‌ఫర్డ్ వచ్చి కాలు పెట్టాడు, గోల్. 81 సెకన్లు. కొత్త మేనేజర్ వచ్చిన 81 సెకన్లకి. నేను అరిచిన అరుపుకి నా గొంతు ఇవాళ మంగళవారం కూడా సరిగ్గా లేదు. ఏయూ కుర్రాళ్ళు టేబుల్ వాయించారు, మలయాళీ అన్న నన్ను పట్టుకుని ఊపేశాడు, ఆ గోలలో ఆ పిల్ల చేతులు తీసి ఒక్కసారిగా, నాకు తెలుసు, నాకు తెలుసు, నాన్న ఫోన్‌లో వచ్చింది, నేను చెప్పలేదు, అని ఎగిరింది. ఫోన్లు బుట్టలో వెయ్యకముందు నోటిఫికేషన్ చూసేసిందట. అంత సంతోషం కడుపులో పెట్టుకుని, మేమందరం కూడా చూడాలని నోరు మూసుకుని కూర్చుంది. పదేళ్ళ పిల్ల! వెయిటర్ కుర్రాడు వెళ్ళి ఆ పిల్లకి చాక్లెట్ మిల్క్‌షేక్ తెచ్చిచ్చాడు, బిల్లులో వెయ్యలేదు.

ఆట గురించి కూడా నాలుగు మాటలు. అమోరిమ్ స్పోర్టింగ్‌లో ఆడించిన 3-4-3 నే ఇక్కడా దింపాడు. నేషనల్ టీములకి వెళ్ళిన ప్లేయర్లు తిరిగొచ్చి మొత్తం టీమ్‌తో ప్రాక్టీస్‌కి దొరికింది రెండు మూడు రోజులే, అది ఆటలో తెలిసిపోయింది. వెయిటర్ కుర్రాడు ఈ 3-4-3 అంటే ఏటన్నా అని అడిగితే మా ఫ్రెండ్ ప్లేట్ మీద పెట్టి చూపించాడు. మూడు నిమ్మకాయ ముక్కలు వెనక, వాటి ముందు నాలుగు ఉల్లిపాయ చక్రాలు, ముందు మూడు పల్లీలు, గోల్‌కీపర్‌కి ఒక పచ్చిమిరపకాయ. ఈ చివర ఉల్లిపాయలు రెండూ చూశావా, వీళ్ళే వింగ్ బ్యాకులు, బంతి మనదైతే పల్లీల పక్కకి పరిగెత్తాలి, బంతి పోతే మళ్ళీ నిమ్మకాయల పక్కకి వచ్చి ఐదుగురవ్వాలి, అమాద్ అసలు ముందుండి ఆడేవాడు, ఇవాళ ఈ ఉల్లిపాయ డ్యూటీ వేశారు. ఆ కుర్రాడు కాసేపు ప్లేట్ వైపు చూసి, తను ఊళ్ళో కబడ్డీ ఆడేవాడట, ఒక ప్రశ్న అడిగాడు. ఈడు పైకెళ్ళినప్పుడు ఎనకాల ఈ జాగా ఎవులు చూస్తారన్నా?

ఆ ప్రశ్నకి జవాబు పోర్ట్‌మన్ రోడ్‌లో దొరికింది. గోల్ తర్వాత పదిహేను నిమిషాలు బానే ఉంది, తర్వాత నుంచి ఇప్స్‌విచ్ వాళ్ళు ఆ జాగాల్లోకే దూరడం మొదలెట్టారు. వాళ్ళ మేనేజర్ మెకెన్నా మౌరీన్యో దగ్గర, సోల్‌షార్ దగ్గర మన టీమ్‌కే కోచ్‌గా చేసినవాడు, ఇప్స్‌విచ్‌ని వరసగా రెండు ప్రమోషన్లతో 22 ఏళ్ళ తర్వాత ప్రీమియర్ లీగ్‌కి తెచ్చాడు, ఊరికే ఓడిపోయే రకం కాదు. మధ్యలో మన కాసెమీరో, ఎరిక్సన్ ఇద్దరూ గొప్పోళ్ళే, కాళ్ళల్లో ఆ వేగం ఇప్పుడు లేదు, బంతి పక్క నుంచి పోతుంటే తిరిగేలోపు అవతలివాళ్ళు పది గజాలు వెళ్ళిపోతున్నారు. వాళ్ళ స్ట్రైకర్ డిలాప్ దగ్గర్నుంచి కొట్టినదాన్ని మన గోల్‌కీపర్ ఒనానా చెయ్యి పెట్టి ఆపాడు, అది పడాల్సిన గోలే. 43వ నిమిషంలో మాత్రం ఎవరూ ఆపలేకపోయారు, వాళ్ళ హచిన్సన్ బాక్స్ బయట నుంచి కొడితే మన మజ్రావి తలకి తగిలి వంపు తిరిగి పై మూలకి పోయింది. 1-1. రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఆ కుర్రాడు మాత్రం ప్లేట్‌లో చివరి ఉల్లిపాయ చక్రం వైపు చూపించి తల ఊపాడు.

హాఫ్ టైంలో తిండి గురించి. మసాలా పల్లీలు ₹90, అవి అద్భుతం, ఉల్లిపాయ సన్నగా తరిగి, నిమ్మకాయ సరిగ్గా పిండి, కరకరలాడుతూ ఉన్నాయి, మూడు ప్లేట్లు లేపేశాం. చికెన్ పకోడీ పర్లేదు, వేడిగా ఇచ్చారు. అపోలో ఫిష్ ₹320 పెట్టి తీసుకుంటే చల్లగా, లోపల నీళ్ళోడుతూ వచ్చింది, ఫ్రిజ్‌లోది తీసి వేయించినట్టు. ఫిషింగ్ హార్బర్ అంత దగ్గర పెట్టుకుని ఇలాంటి చేప పెట్టడం నాకు నచ్చలేదు. చెప్తే ఫ్లోర్ చూసుకునే ఆయన ముక్క తుంపి నోట్లో వేసుకుని చూసి, మీరన్నది కరెక్టే అని ప్లేట్ వెనక్కి తీసుకెళ్ళాడు, బిల్లులోంచి తీసేశాడు, వాదించలేదు. ఫ్రైడ్ రైస్ మామూలే. కాఫీ బాగుంది, డికాషన్ చిక్కగా ఉంది. ఏసీ మరీ ఎక్కువ పెడతారు, స్వెటర్ అలవాటున్నవాళ్ళు తెచ్చుకోండి.

సెకండ్ హాఫ్‌లో ఉగార్తే వచ్చాడు, చాలాకాలం గాయంతో ఆగిపోయిన ల్యూక్ షా వచ్చాడు, షాని చూసి మలయాళీ అన్న చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం. కానీ గెలిచే ఆట రాలేదు. బంతి మన దగ్గరే ఉన్నా ఎటు పంపాలో తెలియక పక్కకి పక్కకి ఆడటమే ఎక్కువ. డిలాప్‌ది ఇంకొకటి ఒనానానే ఆపాడు, లేకపోతే ఓడిపోయేవాళ్ళమే. చివర్లో ప్రతి కార్నర్‌కీ నిలబడ్డాం, ప్రతిసారీ కూర్చున్నాం. నా మాట అడిగితే ఒక్క పాయింట్ రావడమే ఎక్కువ, కానీ అమాద్‌ని ఆ ప్లేసులో ఆడించాలన్న ఆలోచన ఒక్కటి చాలు నాకు, ఈ మనిషికి ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యగలిగేవాళ్ళు ఇంకా చేతిలో లేరు. మ్యాచ్ అయ్యాక అమోరిమ్ కూడా కొంతకాలం కష్టాలు తప్పవనే చెప్పాడు, గొప్పలకి పోలేదు, ఆ మాట నాకు నచ్చింది.

ఈ లోపల కెఫేలో జరిగింది చెప్పాలి. 11కి కిచెన్ మూసేశారు, మూసే పది నిమిషాల ముందు వచ్చి ఇంకేమన్నా కావాలా, తర్వాత దొరకదు అని అడిగి మరీ వెళ్ళారు, చాలాచోట్ల ఇలా అడగరు, లైట్లు ఆపేస్తారు. 11:20కి హాలంతా ఖాళీ. కుర్చీలు టేబుళ్ళ మీదకి ఎక్కించడం మొదలైంది, కానీ మా రూమ్ వైపు ఎవరూ వచ్చి గడియారం చూపించలేదు. 70వ నిమిషం దాటాక ఆ పిల్ల రెండు కుర్చీలు కలుపుకుని నిద్రపోయింది, ఆ సౌండ్‌లోనే. ఫ్లోర్ చూసుకునే ఆయన తొంగిచూసి, ఏసీ తగ్గించి, ఉతికి మడతపెట్టిన టేబుల్ క్లాత్ ఒకటి తెచ్చి కప్పాడు. సౌండ్ తగ్గించమంటారా అని వాళ్ళ నాన్నని అడిగాడు. ఆయన వద్దండీ, తగ్గిస్తే లేచిపోతుంది, ఇంట్లో కూడా మ్యాచ్ సౌండ్‌లోనే పడుకుంటుంది అన్నాడు. ఆ మాట విన్నాక నేను కాసేపు స్క్రీన్ చూడలేదు. మా ఇంట్లో మ్యూట్ చేసి చూసిన రాత్రులన్నీ గుర్తొచ్చాయి. నాన్న తప్పేం లేదు, ఫర్నేస్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషికి నిద్ర కావాలి. అయినా.

ఫైనల్ విజిల్ మాకు పడేసరికి 12 అయ్యింది. 1-1, 12 మ్యాచులకి 16 పాయింట్లు. బుట్టలోంచి ఫోన్లు తీసుకుంటే నా దాంట్లో 140 మెసేజ్‌లు, ఒక్కటీ చదవలేదు. ఎవరూ వెంటనే లేవలేదు కూడా. వెయిటర్ కుర్రాడు టేబుల్ తుడవడానికి వచ్చి ఆ ప్లేట్ తియ్యబోయి ఆగి, ఇది ఉంచమంటారేటన్నా అన్నాడు. నిమ్మకాయ ముక్కలు ఎండిపోయాయి, పల్లీలు రెండు ఎవరో తినేశారు, మిరపకాయ మాత్రం గోల్‌లో అలాగే ఉంది. గెలవలేదు కదన్నా, మరి మీరంతా సంతోషంగానే ఉన్నారు అన్నాడు. మలయాళీ అన్న వాడి భుజం మీద చెయ్యేసి, చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి మొదలైనట్టు కనిపించింది తమ్ముడూ, అందుకు అన్నాడు.

బిల్లు మా ఇద్దరికీ ₹780 అయ్యింది, ముందు కట్టిన ₹500 తీసేసి ₹280 ఇచ్చాం, సర్వీస్ ఛార్జ్ అని విడిగా ఏమీ వెయ్యలేదు. ఆ కుర్రాడికి చేతికిచ్చింది వేరే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని విషయాలు. ముందు ఫోన్ చేసి ఆ లోపలి రూమ్ అడగండి, బయట హాల్లో అయితే క్రికెట్ ఉన్న రోజు మీకు స్క్రీన్ దొరకదు. ప్రొజెక్టర్‌కి ఎదురుగా మధ్య సోఫా మంచిది, ఎడమ గోడ పక్కన కూర్చుంటే స్తంభం అడ్డమొచ్చి ఒక కార్నర్ ఫ్లాగ్ కనపడదు. చేప వద్దు, పల్లీలు కచ్చితంగా చెప్పండి. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు, మందు అమ్మరు, ఆడవాళ్ళకి కూడా ఇబ్బందేం ఉండదు, బాత్రూమ్ శుభ్రంగానే ఉంది. మేనేజ్‌మెంట్ వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, ఆ యాప్ లాగిన్ ఫ్లోర్‌లో ఉండే వాళ్ళ ఫోన్ నంబర్‌కి మార్చండి, మిగతావన్నీ మీ మనుషులు చూసుకుంటారు, మీ మనుషులు బంగారం.

గురువారం నార్వే టీమ్ బోడో గ్లిమ్ట్‌తో యూరోపా మ్యాచ్ ఉంది, అది మనకి అర్ధరాత్రి దాటాక 1:30కి కాబట్టి ఇంట్లోనే, మ్యూట్‌లోనే చూస్తా. డిసెంబర్ 1 ఆదివారం ఎవర్టన్‌తో, సాయంత్రం 7 గంటలకి. నిన్న ఫోన్ చేసి ఆ రూమ్ చెప్పేశాను, ఎనిమిది మందికి. ఫోన్ ఎత్తింది ఆ కుర్రాడే. ఓటీపీ ముందే తీసి ఉంచుతానన్నా, బుట్ట కూడా అక్కడే ఉంది, ఆ పాప వస్తుందా అని అడిగాడు.